ముడికి ముందున్న కె

1991 వేసవి. గల్ఫ్ యుద్ధం ముగిసి, సౌదీలోని దమ్మామ్ రేవులో ఒకవైపు సైన్యం సామాను వెనక్కి పోతోంది, ఇంకోవైపు కొత్త పనులకు ఇనుము దిగుతోంది. కాకినాడలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు భాష పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకునే నేను, ఆ రేవులో ఒక క్రేన్ల కంపెనీలో రిగ్గర్లకు ఇంగ్లీషు నేర్పేవాణ్ణి. రిగ్గర్ అంటే క్రేన్ ఎత్తే బరువుకు తాళ్లూ కొక్కేలూ బిగించి, వాకీటాకీలో ఆపరేటరుకు కబురు చెప్పేవాడు.

ఆ కబురు కార్డు మీద అచ్చువేసి ఇచ్చారు. "హుక్ క్లోజ్డ్. పిన్ లాక్డ్. నాట్ టైట్." చివర్లో నాట్ అంటే ముడి. బరువు ఊగకుండా పట్టుకునే తాడు ముడి బిగిసింది, ఇక ఎత్తవచ్చు అని. రాసేటప్పుడు దాని ముందు కె ఉంటుంది, పలికేటప్పుడు ఉండదు.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన రాజన్న మాత్రం "క్నాట్" అనేవాడు.

"కె పలకకూడదు రాజన్నా, అది సైలెంట్" అంటే, "కండ్ల ముంగట ఉన్నదాన్ని మింగుడెందుకు సార్?" అని నన్నే అడిగేవాడు.

పరీక్ష రోజు ఇంగ్లండు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ముందు కూడా అదే చదివాడు. ఆయన నవ్వి మళ్లీ చదవమన్నాడు. మళ్లీ క్నాటే. ఆయన ఫెయిల్ అని రాయబోయాడు. ఫెయిలయితే రిగ్గర్‌గా పనిచేసే అనుమతి కార్డు పోతుంది. కార్డు లేనివాణ్ణి వీసా ఇచ్చిన కఫీల్ ఎందుకు పోషిస్తాడు, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఇంటికి పంపేస్తాడు. రాజన్న ముఖం పాలిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కాసేపు ఆగండి. మీ పూర్వీకులు ముడిని క్నొట్టా అనేవారు" అన్నాను. "నీ అనే మోకాలికీ, నైఫ్ అనే కత్తికీ కూడా ముందు క ఒత్తి పలికేవారు. ఆ కత్తి అనే మాటయితే మీ సొంతం కూడా కాదు, పడవలేసుకుని మీ ఊళ్లు దోచుకోవడానికొచ్చిన వాళ్లది. కొన్ని వందల ఏళ్ల కిందట మీ నాలుకలు బద్ధకించి క వదిలేశాయి. అచ్చువేసిన అక్షరం అలాగే ఉండిపోయింది. ఈయన ఉన్నదే చదివాడు."

"ఇది చరిత్ర క్లాసు కాదు, సేఫ్టీ పరీక్ష" అన్నాడాయన.

"నేనూ సేఫ్టీ గురించే అంటున్నాను. ముడి బిగిస్తే నాట్ టైట్. బిగియకపోతే మన వాళ్లు రేడియోలో ఏమంటారు? అదీ నాట్ టైటే కదా?"

నేను వదల్లేదు. ఆయన్ని యార్డులోకి తీసుకెళ్లి, ఇంజను నడుస్తున్న క్రేన్ క్యాబిన్‌లో వాకీటాకీ ఇచ్చి కూర్చోబెట్టాను. ముడి బిగిసిందని వినబడితే బొటనవేలు పైకి, లేదంటే కిందికి చూపించమన్నాను. ముందు నేను, ఆయనకు నచ్చే శుద్ధమైన ఉచ్చారణతో రెండు మాటలూ మార్చి మార్చి చెప్పాను. ముడి బిగియలేదని చెప్పిన ఒకసారి ఆయన వేలు పైకి లేచింది. నిజంగా బరువు వేలాడుతూ ఉంటే ఏమయ్యేదో ఆయనకు నేను చెప్పనక్కర్లేదు. తర్వాత రాజన్న చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు.

ఆయన దిగివచ్చి, "పాస్ చేస్తాను" అన్నాడు. "కానీ క్లయింటు ఎదుట మాత్రం కె పలకవద్దని చెప్పండి."

చెప్పాను. రాజన్న చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "క్లయింటు దూరం నిలవడుతడు సార్. బరువు పక్కన నిలవడేటోన్ని నేను. నేనైతే క అంట."

దాన్ని ఒక్క ముక్క తగ్గించకుండా ఇంగ్లీషులో వినిపించాను. ఇన్‌స్పెక్టర్ నా వైపు కాదు, మొదటిసారి రాజన్న వైపు చూశాడు. చూసి సంతకం పెట్టాడు.

ఆ తర్వాత ఆ యార్డులో ఉన్నన్నాళ్లూ కొత్తగా వచ్చిన ప్రతి బ్యాచికీ నిఘంటువులో ఉన్న ఉచ్చారణ నేర్పాను. రేడియో పట్టుకున్నప్పుడు మాత్రం కె గట్టిగా పలకమన్నాను. ఎవరైనా నవ్వితే నా దగ్గరికి పంపమన్నాను. ఏ భాషలోనైనా ఏ అక్షరం పలకాలో, ఏది మింగాలో తేల్చాల్సింది ఆ మాట వినబడకపోతే ప్రాణం పోయేవాడే.