బావ తెచ్చిన ఇటాలియన్ ర్యాప్

మా బావ తెనాలిలో బియ్యం మిల్లు గుమాస్తా. పగలంతా బియ్యం బస్తాల మధ్య తిరిగొచ్చి, సాయంత్రం మా అక్కని అన్నం తినొద్దని బతిమాలుకోవాల్సి రావడం ఆయన ఖర్మ. సెల్‌ఫోన్లు ఇంటింటికీ వస్తున్న కొత్తల్లో అక్కకి షుగర్ బయటపడింది. రాత్రిపూట అన్నం మానేసి రెండు పుల్కాలు తినమన్నారు డాక్టరుగారు. అక్క జాకెట్లు కుట్టేది. చేతికుట్టులో ఆమె తర్వాతే ఎవరైనా. అలాంటి మనిషి ఆ పుల్కాల ముందు కూర్చుని, గొంతు దిగక, కళ్లనీళ్లు పెట్టుకునేది.

అప్పుడే స్టేషన్ రోడ్డులో ఓ బేకరీ అద్దాల తలుపులు పెట్టుకుని ఇటాలియన్ ర్యాప్ అమ్మడం మొదలుపెట్టింది. పల్చటి తెల్ల రొట్టెకి తెల్లక్రీము, ఎర్ర సాసు రాసి, కాప్సికం, ఉల్లి, పనీర్ ముక్కలు పరిచి, పైన చీజ్ తురిమి, చుట్టి వేడిచేసి వెండి కాగితంలో పెట్టి ఇస్తారు. గోడ మీద పచ్చటి ఆకు బొమ్మ, కింద ‘ఆరోగ్యానికి మేలు’ అన్న మాట. బావకి అందులో అన్నం కనపడలేదు, తీపి కనపడలేదు, కూరగాయలు కనిపించాయి. ఇంకేం కావాలి? రోజూ మిల్లు నుంచి వస్తూ ఒకటి పట్టుకొచ్చేవాడు. వేడి చల్లారకుండా చొక్కా లోపల పెట్టుకుని స్కూటర్ నడిపేవాడు.

నేను బాపట్ల నుంచి రేపల్లెలో అమ్మని చూడ్డానికి వెళ్తూ తెనాలిలో దిగి, ఓ పూట అక్క దగ్గర ఉండేదాన్ని. బావని ఆటపట్టించకపోతే నాకు తోచదు. పెళ్లయిన ఇన్నేళ్లకి భార్య గుర్తొచ్చిందే అన్నాను. బావ సిగ్గుపడి తువ్వాలు వెతుక్కున్నాడు. అక్క మాత్రం కాగితం విప్పి, చివరి ముక్కదాకా తిని, చేతులు కడుక్కుని వచ్చింది.

మా వైపు అన్నం తింటేనే తిన్నట్టు. మూడు పెసరట్లు ఉప్మాతో లాగించినవాడు కూడా ఏమీ తినలేదండి, టిఫినే అంటాడు. నెలనెలా డాక్టరుగారు రాత్రి ఏం తింటున్నారని అడిగితే, అక్కా బావా కూడా అదే చెప్పారు. ఏమీ లేదండి, టిఫినే. అబద్ధం చెప్పాలని కాదు. ఆయనా ఈ జిల్లావాడే, టిఫినంటే ఆ పుల్కాలే అనుకుని సరేనన్నాడు. షుగర్ మాత్రం దిగలేదు. మాత్రలు పెంచారు. ఏమీ తినకపోయినా ఇలా పెరుగుతుందేంటని అందరం తలలు పట్టుకున్నాం.

ఒకరోజు అక్క సూదిలో దారం ఎక్కించలేకపోయింది. దీపం దగ్గరికి జరిగింది, దారం తడిచేసింది, మళ్లీ ప్రయత్నించింది. ఆ తర్వాత ఒక కంట్లో నల్లటి నీడ కదులుతోందంది. గుంటూరు కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. సాయంత్రమైనా మా వంతు రాలేదు. అక్క నీరసపడుతుందని బావ సంచిలోంచి వెండి కాగితం తీసి విప్పాడు. అటుగా వెళ్తున్న డాక్టరమ్మ ఆగింది.

“రోజూ ఇదేనా అండి? ఇది మైదా. అన్నం కన్నా ఏం తక్కువ కాదు. ఈ క్రీమంతా నూనే. ఇంట్లో గోధుమ రొట్టెలో కూర పెట్టి, కాస్త పెరుగు రాసి చుట్టుకుంటే ఎవరొద్దన్నారు?”

కళ్లు ఒక్క దీనివల్లే ఇలా కాలేదని, షుగర్ లోపల ఎప్పట్నుంచో ఉండి ఉంటుందని కూడా ఆవిడ చెప్పింది. అది నేను విన్నాను, బావ వినలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని గొణుక్కుంటూ ఆసుపత్రి బల్ల మీదే కూర్చుండిపోయాడు. అంత పెద్దమనిషి చేతిలో ఆ సగం విప్పిన పొట్లం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

లేజర్ చేశారు. ఒక కన్ను మిగిలింది, అదీ అంతంతమాత్రం. కుట్టుమిషను మీద దుప్పటి కప్పారు. బావ వంట నేర్చుకున్నాడు. రోజూ సాయంత్రం తనే గోధుమ రొట్టె కాల్చి, తోటకూర వేపుడు పెట్టి, చుట్టి ఇచ్చేవాడు. ఆ పని మొదట్నుంచీ ఇంట్లోనే చేసుకుంటే పోయేది కదా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఓ మధ్యాహ్నం అక్కా నేనూ తోటకూర వలుస్తున్నాం. ఉన్నట్టుండి అక్క అంది.

“నాకది ఒక్కరోజూ సయించలేదే. ఆ క్రీము వాసనకే కడుపులో తిప్పేది. పెళ్లయిన కాణ్ణించి మీ బావ నా కోసమని ఏదీ చేత్తో పట్టుకురాలేదు. అది తెచ్చారు. వద్దని ఎలా అంటాను?”

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్కసారి నోరు తెరిచి వద్దంటే ఏం పోయేదని కసిరాను. అక్క కాడలు తడుముకుంటూ ఏరుతోంది. ఆయనతో అనకు, అంది.

సాయంత్రం రేపల్లె బండి ఎక్కించడానికి బావ స్టేషన్‌కి వచ్చాడు. టిక్కెట్టు తీసి నా చేతిలో పెడుతూ అన్నాడు.

“ఏదేమైనా, మీ అక్క వాటిని ఇష్టంగా తిందమ్మా. ఆ తృప్తి ఒక్కటే నాకు మిగిలింది.”

బావ మాటకి తిరుగుమాట లేకుండా నేనెప్పుడూ ఊరుకోలేదు. ఆ రోజు మాత్రం, అవును బావగారూ, ఇష్టంగానే తినేది అని చెప్పి బండెక్కాను.