మూడు సంతల మాత్ర

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నేను మన్యంలో పెదబయలు వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. ఆ వానాకాలం ఊళ్లకు ఊళ్లు చికున్‌గున్యాతో మూలిగాయి. నెలా రెండు నెలల్లో దాదాపు అందరూ లేచి తిరిగారు. చిలకమ్మ మాత్రం కోలుకోలేదు. నలభై ఏళ్ల మనిషి, కాఫీ తోట ఆమె ఒక్కతే చూసుకోవాలి.

"ఎండెక్కేదాకా సేతి ఏళ్లు వంగవు సిస్టరమ్మా. పళ్లెలా కొయ్యను?" అంది. పండిన కాఫీ పళ్లను ఏరి ఒక్కొక్కటిగా వేళ్లతోనే కోయాలి. చేతులు పడిపోతే ఆ ఇల్లు గడవదు.

"జ్వరం తాలూకు నొప్పులే, పోతాయిలే" అని రెండుసార్లు తిప్పి పంపాను. మూడోసారి వేళ్ల కణుపుల వాపు చూసి సిగ్గేసింది. జిల్లా ఆస్పత్రిలో యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష చేస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. అక్కడి డాక్టరు గారు ఫోన్‌లో విడమరిచి చెప్పారు. వైరస్ రాగానే ముందుగా లేచే, పుట్టుకతో ఉన్న కాపలాయే ఇన్నేట్ ఇమ్యూనిటీ. కొందరిలో వైరస్ పోయాక కూడా అది చల్లారదు. చివరికి ఒంటి రక్షణంతా సొంత కీళ్ల మీదే తిరగబడుతుంది. ఈమెకు వైరస్సే కారణమని గట్టిగా చెప్పలేం, రాజేసి ఉండొచ్చు అన్నారు.

ఆ తిరుగుబాటును అణిచే మెథోట్రెక్సేట్ రాశారు. ఆ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. గుర్తుండేలా చెప్పాలని "సంత రోజున వేసుకో" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు నెలలకిచ్చిన మాత్రలు మూడు వారాలకే అయిపోయాయి. నోరంతా పుళ్లతో వచ్చింది.

"ఎలా వేసుకున్నావు?"

"నువ్వు సెప్పినట్టే. మన సంతకొకటి, పాడేరు సంతకొకటి, కొండవతల సంతకొకటి."

పసుపు, విస్తర్లు కుట్టే అడ్డాకులు అమ్ముకోవడానికి ఆమె వారంలో మూడు సంతలు తిరుగుతుంది. అది నేను అడగనే లేదు. ఆ మందు ఎక్కువైతే ప్రాణానికే ముప్పు. మాత్ర ఆపించి, జీపులో జిల్లా ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. తెల్లకణాలు పడిపోయాయి. విరుగుడు మందిచ్చి వార్డులో ఉంచారు. ఆమె నోరారా అన్నం తినేదాకా నాకు ముద్ద దిగలేదు.

కొన్నాళ్లకు డాక్టరు గారు మాత్ర మళ్లీ మొదలుపెట్టమన్నారు. ఈసారి ఆమెనే అడిగాను. "వారంలో ఒక్కసారే చేసే పని నీకేముంది?"

"ఆదివారం పార్థన."

సరే, ఆదివారమే అనుకున్నాం. నెమ్మదిగా వేళ్లు వంగాయి. అప్పటినుంచి ఎవరికి మందిచ్చినా, ముందు వాళ్ల వారం ఎలా గడుస్తుందో చెప్పించుకుంటున్నాను.

మరుసటి ఏడాది డిసెంబరులో, కాఫీ కోతల మధ్య, పళ్ల రసం అంటిన చేతులతోనే వచ్చింది.

"సిస్టరమ్మా, క్రిస్మస్ ఆదివారం కాదు గానీ పార్థనుంది. మాత్ర ఏసుకోవాలా, మానాలా? నీకు సెప్పకుండా ఏసుకోను."