పవర్‌లూమ్ పాటకు నా నలభై నిమిషాల వ్యాఖ్యానం

ఈ సంగతి ఇప్పుడే రాసిపెట్టక తప్పడం లేదు. మొన్న మా బిడ్డ ఫోన్‌లో ఒక పాత వీడియో చూపించింది. సిరిసిల్లలో మా మేనమామ కొడుకు పన్నెండేళ్ల కిందట చేసిన నవ్వుల రాక్ పాట అది. దాని కింద ఎవరో పెద్దమనిషి ఇలా రాశాడు: "కెమెరా వణుకు కార్మికుడి అంతరంగ కల్లోలానికి ప్రతీక." ఫోన్ లాక్కుని మళ్లీ చదివాను. ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా నాదే, ఒకప్పుడు నలుగురి ముందు నిలబడి నేను చెప్పిందే. ఆ తప్పు నాకన్నా ఎక్కువ కాలం బతికేలా ఉంది. అసలేం జరిగిందో తెలిసినవాణ్ని నేనే కాబట్టి, కాగితం మీద పెట్టే బాధ్యత కూడా నాదే.

ఆ రోజుల్లో నాకు కుదురనేది లేదు. ఇంటర్‌తో చదువు ఆగింది, జగిత్యాల బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ దుకాణంలో పని దొరికింది. లోకంలోని కాగితాలన్నీ నా చేతుల మీదుగా పోతున్నాయి, ఒక్కటీ నాది కాదు. అందుకని మధ్యాహ్నం అన్నం వేళ గ్రంథాలయానికి ఉరికేవాణ్ని. అక్కడ నిలబడే చదివేవాణ్ని (కూర్చుంటే కాళ్లు ఊరుకునేవి కావు). తేనెటీగల పెంపకం, ఖగోళం, హోమియోపతి, ఏది చేతికందితే అది. అలా ఒకరోజు సినిమా దృశ్యభాష గురించిన పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది, రాసినవారి పేరు లేదు. కోణాలు, రంగులు, ప్రతీకలు అన్నీ ఉన్నాయి. విషయసూచికలో చివరి అధ్యాయం 'హాస్య దృశ్యాలు' అని ఉంది కానీ, ఆ పేజీలు ఎవరో చించుకుపోయారు. పోతే పోయాయిలే, ముఖ్యమైనవన్నీ ఉన్నాయి కదా అనుకున్నాను. (నా కథంతా ఈ వాక్యంలోనే ఉంది.)

సిరిసిల్లలో మామది నలభై ఏళ్ల మగ్గాల పని. షెడ్డులో మగ్గాలు నడుస్తుంటే మాట వినబడదు, అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. అరచెయ్యి అడ్డంగా ఊపితే ఆపమని, చూపుడువేలు గుండ్రంగా తిప్పితే నడవనిమ్మని. మామ ఇంట్లో కూడా అంతకుమించి మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే మాత్రం మూడిళ్ల అవతలికి వినబడేది. మామ కొడుకు, అంటే మా బామ్మర్ది, ఆ అరుపునే పాట చేశాడు. పిల్లను చూడ్డానికి పోయిన ఒక మగ్గాల పిలగాడు, పేరడిగితే ఇంటి పెంకులు ఎగిరేలా అరుస్తాడు. పల్లవి "ఇనవడ్తలేదు, జర గట్టిగ!" డ్రమ్ము బదులు మగ్గం చప్పుడు, పైన గిటారు. వీడియో తీసింది కోరుట్లలో పెళ్లిళ్లకు వీడియోలు తీసే ఫోకసన్న. షూటింగ్ రోజు నేనూ షెడ్డులోనే ఉన్నాను, నూలు మూట మీద కూర్చుని అట్టలేని ఆ పుస్తకం చదువుకుంటూ.

మామకు ఆ పాట నచ్చిందో లేదో ఎవరికీ అర్థం కాలేదు. ఒకరోజు నన్ను పిలిపించి అన్నాడు: "అల్లుడా, ఇది పనా, పాటనా, పిచ్చా నాకు సమజైతలేదు. నువ్వు సదువుకున్నోనివి. నలుగుట్ల నిలవడి ఇండ్ల ఏమున్నదో చెప్పు. నాకు సమజైతే నడవనిస్త. లేకుంటె గా గిటార్ అటకెక్కుతది, వీడు మగ్గం కాడికొస్తడు." గడప దాకా సాగనంపడానికి వచ్చిన బామ్మర్ది నా చెయ్యి పట్టుకున్నాడు. "బావా, నా బతుకు నీ చేతులనే ఉన్నది. జర తక్కువ మాట్లాడు." నేనతని భుజం తట్టాను. తక్కువ మాట్లాడే ఉద్దేశం నాకు లేదు.

మా లైబ్రరీ సారు ఒక ఆదివారం పై హాలు ఇస్తానన్నారు. ఇక నా కాళ్లు నేల మీద నిలవలేదు. వీడియో అరవైసార్లు చూశాను. పాడైన జిరాక్స్ కాగితాల వెనక రాశాను, నడుస్తూ రాశాను, కోరుట్ల బస్సులో కడ్డీకి ఆనుకుని రాశాను. మంచి ప్రింటు కోసం ఫోకసన్న స్టూడియోకు పోతే, ఆయనే మాట ఎత్తాడు. "తమ్మీ, పాటల మీ బామ్మర్ది తల కోసుకపోయింది సూడు, అదెట్లయ్యిందంటే..."

"చెప్పకన్నా!" అని చెవులు మూసుకున్నాను. "కళాకారుడు తన పని గురించి తనే చెప్పద్దని బుక్కుల ఉన్నది."

"గట్లనా? నాకెర్కలేదు తియ్యి. మీ దిక్కు పెండ్లిళ్లుంటె జెప్పు."

ఆ ఆదివారం ముప్పై మంది వచ్చారు. ముందు వరసలో మామ, ఇస్త్రీ చొక్కాలో, పరీక్ష రాసే మనిషిలా. సారు ముందు పాట వేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. ప్రేక్షకులు తప్పుగా చూసే ప్రమాదం ఉంది కదా, ముందు వివరించాలి. వివరించాను. పాటగాడి తల ఫ్రేములో లేకపోవడం గుర్తింపు కోల్పోయిన కార్మికుడు. వణుకు అంతరంగ కల్లోలం. గిటారు మోగేటప్పుడు పైనుంచి రాలే గులాబీ రేకులు రాలిపోతున్న ఆశలు. మధ్యమధ్య ఒక్కొక్క మొహం మూడేసి సెకన్లు కెమెరాలోకి సూటిగా చూడటం, సమాజం మనల్ని నిలదీయడం. (ఆ మొహాల్లో నాదీ ఉంది. వినయం కొద్దీ దాన్ని వదిలేశాను.) నలభై నిమిషాల తర్వాత పాట వేశారు. పిలగాడు పేరు అరిచాడు, పెంకులు ఎగిరాయి, పిల్ల తండ్రి కుర్చీలోంచి పడ్డాడు. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఇద్దరు తలలు దించుకున్నారు. మామ చెయ్యి మోకాలి మీద నుంచి మెల్లగా లేచింది. అరచెయ్యి తెరుచుకుంటోంది. బామ్మర్ది నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఫోకసన్న లేచాడు. "తమ్మీ, ఏమనుకోకు. గా తల ముచ్చట నేను జెప్పాలె. స్టాండు మర బిగుసుకపోయింది. పొద్దుగాల ఒక పెండ్లి జేసొచ్చిన. పిల్ల, పిలగాడు కుర్చీలల్ల కూసున్న ఎత్తుకే ఆగింది. మీ బామ్మర్ది తాటిచెట్టంత ఉంటడాయె. నేనేం జేద్దు?"

ఎవరో కిసుక్కుమన్నారు. "మరి వణుకుడు?" అని అడిగారు సారు.

"పన్నెండు మగ్గాలు నడుస్తుంటె నేలనే వణుకుతది సారూ. నేను గూడ వణికిన."

"గులాబీలు?"

"అవి ముందటి పెండ్లి వీడియోల ఏసిన గ్రాఫిక్స్. తీద్దామంటె కంప్యూటర్ ఆగిపోయింది."

మామ వెనక్కి తిరిగాడు. హాలంతా అదిరేలా అడిగాడు: "మరి మొకాలు? నా మొకం గూడ వెట్టినవు!"

"కాకా, పెండ్లి వీడియోల ఒక్క మొకం ఇడిచినా లొల్లే. మేనత్తను ఇడిచినందుకు ఒక పెండ్లోళ్లు నన్ను అన్నం తింటుంటె లేపిన్రు. గప్పటిసంది గదే అలవాటు. షెడ్డుల ఎంతమందుంటె గంతమందికి, తలా మూడు సెకండ్లు. నూలు మూట మీద గీ తమ్మి గూడ ఉండె. అందరు కెమెరా దిక్కు సూసిన్రు, వీడొక్కడే బుక్కు దిక్కు సూస్తుండె."

ముందు మామ నవ్వాడు. ఆగిన మగ్గాన్ని మళ్లీ నడిపినట్టు, ఒక దెబ్బ, ఆగి ఇంకో దెబ్బ, తర్వాత ఇక ఆగలేదు. హాలంతా అందుకుంది. కళ్లు తుడుచుకుంటూ నాతో అన్నాడు: "అల్లుడా, నువ్వు చెప్తుంటె ఎవలో సచ్చిపోయిన్రనుకున్న. నవ్వొచ్చింది గని, సదువుకున్నోని ముంగట నవ్వద్దేమో అని పండ్లు వట్టుకొని కూసున్న. మల్లొక్కపారి ఏయుండ్రి!" మళ్లీ వేశారు. ఈసారి పల్లవి ఎవరికీ వినబడలేదు, నవ్వుల్లో. పాట అయిపోయాక బామ్మర్ది నిలబడి తండ్రి చేతినే చూస్తున్నాడు. మామ చూపుడువేలు ఎత్తి గుండ్రంగా తిప్పాడు.

ఆ గిటారు అటకెక్కలేదు. బామ్మర్ది ఇప్పటికీ పాడుతున్నాడు, పెళ్లిళ్లలో కూడా. నేను ఇప్పటికీ చదువుతున్నాను, కాకపోతే అప్పుడప్పుడు తలెత్తుతున్నాను. మొన్న మా బిడ్డ వీడియో ఆపి, నూలు మూట మీది బక్క మనిషిని వేలితో పెద్దది చేసింది. "డాడీ, ఇది నువ్వే గదా? ముంగట ఇంత జరుగుతుంటె ఏం సదువుతున్నవ్?" అంది. "ముంగట జరిగేది ఎట్ల సూడాల్నో సదువుతున్న బిడ్డా," అన్నాను. అది చాలాసేపు నవ్వింది.

ఈ జ్ఞాపకం నిలవడానికి సాయపడినవారికి నా కృతజ్ఞతలు. హాలు ఇచ్చిన లైబ్రరీ సారుకు, తలా మూడు సెకన్లు పంచిన కోరుట్ల ఫోకసన్నకు, తక్కువ మాట్లాడమని చెప్పిన బామ్మర్దికి, ఒక్క వేలితో తీర్పు చెప్పిన సిరిసిల్ల మామకు, వీడియో ఆపి చూపిన మా బిడ్డకు. ఆ పుస్తకం రాసిన పేరు తెలియని రచయితకు. చివరి అధ్యాయం చించుకుపోయిన వారికి కూడా (చదవడం అయిపోయి ఉంటే తిరిగిచ్చేయండి). ఇక ఆ వ్యాఖ్య రాసిన పెద్దమనిషికి జవాబు రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చెరిపేశాను. చివరికి ఆ వాక్యాన్ని మెల్లగా ఇంకోసారి చదువుకుని, కింద మెచ్చుకోలు గుర్తు నొక్కాను. తప్పే కావచ్చు. కానీ ఆ వయసుకు బాగానే రాశాను.