కొవ్వొత్తి ఆరడం చూడాలి

జగ్గయ్యపేటలో వేసవి సాయంత్రం ఇంట్లో ఫ్యాన్ ఆపడమంటే గొడవ కొనితెచ్చుకోవడమే. అయినా నేను రోజూ ముందుగది ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, స్టూలు మీద కొవ్వొత్తి వెలిగించేదాన్ని.

"నీ కరాటే ఏమో గానీ అమ్మాయ్, నన్ను ఉడకేసి చంపుతున్నావే!" అనేవారు మా అత్తయ్య మంచం మీద నుంచి.

"కాసేపేనండి అత్తయ్యా. గాలికి ఆరిపోతే ఇంక నా గొప్పేముంది?"

నలభై దాటాక నాకు కరాటే ఏమిటంటే, మా అమ్మాయి పుణ్యమే. దాన్ని నందిగామ క్లాసుకి బస్సులో తీసుకెళ్ళి గోడవారన కూర్చునేదాన్ని. కూర్చుని కూర్చుని విసుగొచ్చి, ఒకరోజు చున్నీ బిగించి వరసలో చివర నిలబడ్డాను. పిల్ల పైచదువుకని హాస్టల్‌కి వెళ్ళిపోయింది. నేను మిగిలాను.

చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నేను బడి ముఖం పెద్దగా చూడలేదు. నాన్నే ఇంట్లో చదువు చెప్పారు. పొద్దున్నే బైబిలు వాక్యం చదివించి, ప్రార్థన చేయించి, లెక్కలిచ్చి పనికి వెళ్ళేవారు. సాయంత్రం వచ్చి చూసి, తప్పు ఎక్కడుందో చెప్పకుండా "మళ్ళీ చూడు తల్లీ" అనేవారు. ఒంటరిగా కూర్చుని ఒకే పని పదేపదే చేసుకోవడం నాకు అలా అబ్బింది. ఊపిరి అందక నాన్న భుజం మీద నిద్రపోయిన పిల్ల ఇవాళ గుద్దుకో ఊపిరి వదులుతోందంటే, ఆ దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా తక్కువే.

అయితే గ్రీన్ బెల్ట్ పరీక్ష ఒకసారి తప్పాను. మాస్టారు గుద్దమని మెత్తటి ప్యాడ్ పట్టుకుని చటుక్కున పక్కకు జరిపితే, నా గుద్దు ప్యాడ్ ఇంతకు ముందున్న చోటికే పోయింది. మళ్ళీ జరిపారు, మళ్ళీ అంతే.

"బలం ఉందక్కా మీ చేతిలో. కానీ ప్యాడ్ జరిగింది మీకు తెలియట్లేదు. ఎందుకో ఇంటి దగ్గర మీకు మీరే చూసుకోండి" అన్నారాయన. అచ్చం నాన్నలాగే.

నాకు బెల్ట్ మీద మోజేమీ లేదు. మా వీధి ఆడపిల్లలు నా దగ్గర ట్యూషన్ చదువుకుంటారు. వాళ్ళకి కరాటే నేర్చుకోవాలని ఉంది. చీకటి పడ్డాక నందిగామ నుంచి రావాలంటే వాళ్ళ అమ్మలు ఒప్పుకోరు. గ్రీన్ బెల్ట్ వస్తే మొదటి పాఠాలు పేటలోనే నన్ను చెప్పనిస్తానని, అప్పుడప్పుడూ వచ్చి చూస్తానని మాస్టారు మాటిచ్చారు. వాళ్ళలో పెద్దపిల్లలిద్దరూ వచ్చే ఏడు పదో తరగతి. అందులో పడ్డారంటే ఇంక గడప దాటనివ్వరు. ఈసారీ తప్పితే వాళ్ళకి ఆ అవకాశం లేనట్టే.

అందుకని డాబా మీద సంచి కట్టాను. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయన ఖాళీ సంచులు తెస్తే, పాత చీరలు కుక్కి దండేనికి పక్కన రేకుల కింది దూలానికి వేలాడదీశాను. అత్తయ్య పైకొచ్చి, సంచి మూతిలోంచి తొంగిచూస్తున్న అంచు పట్టుకుని లాగారు.

"ఇది నా చీర కదే?"

"చిరిగిందని మీరే పడేశారు కదండీ."

"గుద్దు, గుద్దు. కసిదీరా గుద్దు. నా చీరేగా!"

సంచి బలానికి, కొవ్వొత్తి వేగానికి. మోచెయ్యి పక్కటెముకలను రాసుకుంటూ పోవాలి, పిడికిలి మంటకు బెత్తెడు ఇవతల ఆగాలి, పోయినంత వేగంగా వెనక్కి రావాలి. ఆ గాలికే మంట ఆరాలి. గుద్దేటప్పుడు గట్టిగా అరవాలంటారు మాస్టారు. నేను అరిస్తే వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంటుంది. అందుకని మొదటి నుంచీ ఊపిరితోపాటు మెల్లగా "స్తోత్రం" అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం అత్తయ్య ఉక్క భరించలేక విసనకర్ర తీసుకుని కొవ్వొత్తికి అవతల కుర్చీ వేసుకున్నారు. నేను గుద్దాను. చూస్తే సన్నగా పొగ.

"ఆరిందండీ అత్తయ్యా! ఒక్క దెబ్బకే!"

"ఆరింది నా విసనకర్రకి. నీ చెయ్యి ఇంకా బయల్దేరనే లేదు."

"నా గుద్దుకేనండి."

"కళ్ళు మూసుకున్నదానివి, నీకేం తెలుసుద్ది?"

"నేనెక్కడ మూశాను?"

"స్తోత్రం అన్నప్పుడల్లా మూస్తన్నావు. ఇందాకటి నించీ చూస్తన్నా. ప్రార్థనయితే మూసుకో. గుద్దయితే తెరుచుకో."

నేను స్టూలు పక్కన కూలబడ్డాను. ఇన్నాళ్ళూ వెలుగుతున్న కొవ్వొత్తిని చూశాను, తర్వాత పొగ చూశాను. మంట ఆరడం ఒక్కసారీ చూడలేదు! పరీక్షలో ప్యాడ్ జరగడమూ అంతే. మాటలు వచ్చినప్పటి నుంచీ ఆ మాటతో రెప్పలు వాలడం అలవాటైపోయింది మరి.

మాట మానేద్దామని చూశాను. ఊపిరి బిగుసుకుపోయింది. ఇంక కళ్ళకే నేర్పాలి. గంధం తీసినంత నెమ్మదిగా చెయ్యి చాపుతూ, మాట అంటూ, మంటనే చూసేదాన్ని. అత్తయ్య ఎదురుగా కూర్చుని, విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని, రెప్ప వాలితే చాలు "కళ్ళు!" అని గద్దించేవారు. ఆ ఉక్కలో చెమటలు కక్కుతూ ఆవిడ చేసిన సాయం మర్చిపోలేను.

ఆ ఆదివారం చర్చిలో అందరూ స్తోత్రం అంటుంటే నేను కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడ్డాను. అత్తయ్య మోచేత్తో పొడిచారు. "ఇక్కడ మూసుకోవే!" ఆవిడ కళ్ళెందుకు తెరిచి ఉన్నాయో నేను అడగలేదు.

చివరికి ఒక సాయంత్రం చూశాను. మంట వెనక్కి వంగి, నీలంగా సన్నబడి, వత్తిని వదిలేసింది.

"చూశానండీ!"

"సంతోషం. ఫ్యాన్ వెయ్యి."

నందిగామలో పరీక్ష రోజు మాస్టారు ప్యాడ్ ఎడమకు జరిపారు. అది జరగడం కనిపించింది. చెయ్యి దాని వెంటే పోయింది. ఠప్పున మోగింది. నాకు తెలియకుండానే "స్తోత్రం!" అని హాలంతా వినిపించేలా అరిచాను.

"ఏమన్నారక్కా?"

"ఊపిరి వదిలానండి."

ఆయన నవ్వి ప్యాడ్ కుడికి జరిపారు. అదీ కనిపించింది.

ఇప్పుడు సాయంత్రాలు మా డాబా మీద పిల్లలు వరసగా నిలబడతారు, పెద్దపిల్లలిద్దరూ ముందు. మొదటి రోజే అత్తయ్య కుర్చీ పైకి తెప్పించుకుని ఎదురుగా కూర్చున్నారు. నేను ఇంకా నోరు తెరవకముందే ఆవిడ గొంతు లేచింది.

"కళ్ళు!"

"తెరిచే ఉన్నాం కదా మామ్మా!"

"అట్టాగే ఉంచండి."