దావీదు సొంతింటి తలుపు

దావీదు కుదురుగా కూర్చోంగా చూసినోళ్ళు ఆళ్ళగడ్డలో లేరు. అన్నం కూడా నిలబడే తినేవాడు, కంచం ఎడమచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతా. నంద్యాల బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా వాకిలి కాడ కమ్మీ పట్టుకుని నిలబడి, దారిలో ఏ ఊళ్ళో ఏ పాత మిద్దె పడగొడుతున్నారో చూసుకుంటా పోయేవాడు. అట్లాంటి మిద్దె కంటబడిందా, ఇంకంతే, టికెట్టు నంద్యాల దాకా తీసుకున్నా సరే మధ్యలోనే దిగిపోయేవాడు. ఆ దుమ్ములో దూలాలను గోటితో గీకి, వాసన చూసి, నచ్చకపోతే మళ్ళీ రోడ్డెక్కి తరువాతి బస్సుకు చెయ్యెత్తేవాడు. ఆయన కంటే కాలుగాలిన పిల్లి నయం.

చేసేది వడ్రంగమే. చిన్నప్పుడు నంద్యాల మిషన్ కాంపౌండులో ఒక ముసలి మేస్త్రీ దగ్గర నేర్చుకున్నాడు. అయితే కొత్త పనికి పిలిస్తే పోయేవాడు కాదు. పాత తలుపులు, పాత ద్వారబంధాలు, గోడల్లో దిగేసిన పాత అల్మారాలు, వీటిని బాగుచెయ్యడమే ఆయన పని. తొంభైల్లో నంద్యాల జనానికి ఇళ్ళు బాగుచేసుకునే పిచ్చి పట్టుకుంది. తాతలు కట్టిన మిద్దెలు ఊడబీకి స్లాబులు పోయించేవాళ్ళు, గోడలకు లప్పం పెట్టించేవాళ్ళు, గదికొక రంగు కొట్టించేవాళ్ళు. తలుపుల దగ్గరికొచ్చేసరికి మాత్రం పారెయ్యడానికి మనసొప్పక, ఉంచుకోవడానికి మొహం చెల్లక దావీదుకు కబురు పెట్టేవాళ్ళు.

ఇంట్లో పెళ్ళి జరిగినప్పుడల్లా ఒక పూత కొట్టీ కొట్టీ ఆ తలుపులు ఏ చెట్టువో కూడా తెలిసేది కాదు. దావీదు గాజుపెంకు తీసుకుని పూత మీద పూత గీకి, ఉప్పు కాగితంతో రుద్ది, లక్క కలిపిన పాలిష్ గుడ్డతో పట్టించేవాడు. అప్పుడు బయటపడేవి లతలు, హంసలు, మొగ్గలు. ఇంటోళ్ళు ఇన్నేళ్ళూ తమ ఇంట్లోనే ఉన్న ఆ హంసల్ని చూసి నోరు తెరిచేవాళ్ళు. ఆ నోళ్ళు చూడ్డమంటే దావీదుకు కూలికంటే ఎక్కువ.

మరి ఇంతటి మొనగాడి సొంతింటికి తలుపు లేదు. ఒక నెలా రెండు నెలలా, పన్నెండేళ్ళు లేదు!

మొదట్నుంచీ లేదని కాదు, ఉండేది. తొంభై రెండులో ఊరి బయట కాలనీలో దావీదుకు ఒక సర్కారు ఇల్లు వచ్చింది. ఒకటే గది, ముందర చిన్న అరుగు, వాకిలికి పల్చటి మామిడిచెక్క తలుపు. పాలు పొంగించిన మూడో రోజు దావీదు ఆ తలుపు ముందు నిలబడి, ఇది తలుపు కాదు టీపెట్టె మూత అన్నాడు. రేపు నలుగురూ చూసి వడ్రంగోని ఇంటికి ఇట్లాంటి తలుపా అంటే నా తల యాడ పెట్టుకోవాల అన్నాడు. అప్పటికప్పుడు ఊడబీకి ముక్కలు చేసి పొయ్యిలో పెట్టేశాడు. నెల తిరక్కుండా టేకు తలుపు పెడతానని భార్య సారమ్మకు మాటిచ్చాడు.

సారమ్మ ఆ రోజు నవ్వింది. చంకలో పిల్లను ఎత్తుకుని, పక్కింటి నాగేశ్వరమ్మతో, మా ఆయప్ప అట్లాంటోడులేక్కా, లేకుంటే లేదుగానీ ఉంటే మంచిదే ఉండాలంటాడని గొప్పగా చెప్పుకుంది కూడా. వాకిలికి ఒక గోనెపట్ట వేలాడదీసింది. నెల రోజులకు గోనెపట్ట చాలదా అనుకుంది పాపం.

టేకు దొరకలేదా అంటే, దొరికింది. మొదట కొత్తపల్లెలో ఒక తలుపు దొరికితే, తెచ్చి నెల రోజులు గీకినాక లోపల పురుగు తొలిచిన సన్న దారి ఒకటి కనబడింది. పారేశాడు. రెండోది అహోబిలం వైపు నుంచి వచ్చింది. దాన్ని బాగుచేసి ఇంటిముందర నిలబెడితే, దారినపోయే ఒక ఆసామి చూసి, కొత్తగా సున్నాలు వేయించుకున్న నా హాలుకు ఇదే కావాలని కాళ్ళూవేళ్ళూ పడ్డాడు. ఎవరైనా తన పనిని అంతగా మెచ్చుకుంటే దావీదు కాదనలేడు, ఇచ్చేశాడు. మూడోదాని సంగతి వేరు. చెక్క బుద్ధి తెలియాలంటే ఒక రోహిణికార్తె ఎండా ఒక వానాకాలమూ చూడాలంటాడు దావీదు. చూశాడు. వానాకాలం పోయాక మూల దగ్గర వెంట్రుకంత సందు వచ్చింది. వెంట్రుకంత! ఊరోళ్ళ ఇంటికైతే అందులో రెండు చుక్కల మైనం నింపి ముహూర్తానికి అప్పజెప్పేవాడే. సొంతిల్లు గదా, ముహూర్తమంటూ ఒకటి లేదు, ఎప్పుడిస్తావని అడిగే ఆసామి లేడు.

సిగ్గు లేదా ఈ మనిషికి అంటారా? ఉంది. నిలువెల్లా సిగ్గే. కాలనీలోకి అడుగుపెడితే ఎవరి ఇంటివైపూ చూడకుండా తల వంచుకుని పోయేవాడు. ఆ సిగ్గు పెరిగేకొద్దీ, ఇంతకాలం ఆలస్యమయింది గాబట్టి పెట్టేది ఇంకా గొప్పగా ఉండాల అనిపించేది. గొప్పగా ఉండాలనుకునేకొద్దీ ఇంకా ఆలస్యమయ్యేది. ఇంట్లో రెండు రోజులు ఉంటే మూడో రోజు ఆ గోనెపట్ట కంట్లో నలుసయ్యేది. సంచీ బుజానేసుకుని నంద్యాల బస్సెక్కేవాడు.

ఆ గోనెపట్ట ఎనకాల బతికింది సారమ్మ. పత్తి ఏరడానికి పోతే సంగటి కుండ మీద రాయి పెట్టి, గోనెపట్టను తాడుతో మూడు ముడులేసి పోయేది. అయినా కుక్కలు దూరేవి. గాలి లేస్తే పట్ట ఎగిరి ఇల్లంతా వీధిలో ఉన్నట్టయ్యేది. స్నానం చేస్తున్నంతసేపూ ఒక కన్ను వాకిలి మీదే. దావీదు ఊళ్ళో లేని దినాల్లో మగదిక్కు లేని ఇంట్లో పిల్లను గోడవైపు పడుకోబెట్టి తాను వాకిలికి అడ్డంగా పడుకునేది. అట్లా పన్నెండేళ్ళు ఆమె ఒక తలుపు చేసే పని చేసింది. మొదట్లో నెలకోసారి అడిగేది, తరువాత పండక్కోసారి అడిగింది, ఆ తరువాత అడగడం మానేసింది. అడగడం మానేస్తే దావీదు ఊపిరి పీల్చుకున్నాడు, వెర్రినాయన.

రెండువేల మూడులో నంద్యాలలో అరుణకుమారి అనే కాలేజీ లెక్చరరమ్మ వాళ్ళ మామగారి పాత ఇల్లు బాగుచేయించడం మొదలుపెట్టింది. రంగుల కార్డులు చేతిలో పట్టుకుని గదిగదికీ తిరిగేది. హాలుకు చందనం రంగు, పడకగదికి లేతాకుపచ్చ, కింద బేతంచెర్ల బండలు. కట్టెపనంతా పాత టేకుది టేకులాగే కనబడాలంది. అట్లాంటి మాట వినడానికే దావీదు పుట్టాడు. పదహారు తలుపులు, ఎనిమిది కిటికీలు, ఒక మెట్లవరస కమ్మీ. రెండు నెలల పనని ఒప్పుకుని ఎనిమిది నెలలు చేశాడు. సున్నాలోళ్ళు, బండలోళ్ళు వచ్చిపోయినా దావీదు పోలేదు.

ఆ ఇంటి వెనక పశువుల కొట్టానికి ఒంటిరెక్క తలుపు ఒకటి ఉండేది. నీలం మీద పచ్చ, పచ్చ మీద ఎరుపు, ఎరుపు మీద పేడ. దావీదు ఒక మూల గీకి చూస్తే కింద చిలక కన్ను కనబడింది.  ఇంకాస్త గీకితే జంట చిలకలు, మధ్యన మామిడిగుత్తి. కొలకర్ర పెట్టి చూస్తే కాలనీ ఇంటి వాకిలికి రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువ, అంతే. ఈ తలుపు నాకిస్తావామ్మా అని అడిగితే, కొట్టం తలుపు నేనేం చేసుకుంటాను తీసుకుపో అంది అరుణకుమారి.

ఆ ఆదివారం ఆళ్ళగడ్డకు పోయి, చర్చి నుంచి వస్తున్న సారమ్మకు దారిలోనే చెప్పాడు. చిలకల సంగతి, గుత్తి సంగతి, చెక్క ఎంత నున్నగా ఉందో, అన్నీ చెప్పి, "క్రిస్మస్‌కి మనింటికి తలుపు" అన్నాడు.

"ఏ సంవత్సరం క్రిస్మస్?" అంది సారమ్మ.

ఎగతాళి చేసినట్టు కూడా అనలేదు. బస్సు టైము అడిగినట్టు అడిగింది. దావీదుకు తల కొట్టేసినట్టయింది.

క్రిస్మస్ వచ్చింది, పోయింది. ఒక చిలకకు ముక్కు విరిగి ఉంది. ముక్కు లేని చిలకను ఇంటికి ఎట్లా తీసుకుపోవాల? కొత్త ముక్క చెక్కి అతికిస్తే రంగు కలవలేదు. ఇంకో ముక్క చెక్కాడు. అదీ కలవలేదు. ఈలోగా మాఘమాసంలో కూతురు అమృత పెద్దమనిషయింది. నాగేశ్వరమ్మ వాళ్ళింట్లో కూర్చోబెట్టారు, ఎందుకంటే వాళ్ళింటికి తలుపుంది. దావీదు వచ్చి పిల్లకు కొత్త గుడ్డలిచ్చి, ఒక పూట కూడా నిలవలేక, తలుపు ఎండాకాలం దాటితే చాలని చెప్పి వెళ్ళిపోయాడు.

జూన్‌లో బడులు తెరిచిన వారానికి సారమ్మ నంద్యాల వచ్చింది. భర్త పనిచేసే చోటుకు ఆమె రావడం అదే మొదలు. అరుణకుమారి ఇచ్చిన టీ గ్లాసు పట్టుకుని పెరట్లో నీడకు నిలబెట్టిన తలుపును చాలాసేపు చూసింది. పాలిష్ కింద చిలకలు మెరుస్తున్నాయి. ఎవరు చూసినా పూర్తయిన తలుపే. దావీదు ఆమె మొహంలోకి ఆశగా చూశాడు. పెద్దపెద్ద ఇళ్ళోళ్ళు నోరు తెరిచినట్టు ఈమె కూడా తెరుస్తుందనుకున్నాడు.

"అయిపోయినట్టే ఉండాదే," అంది సారమ్మ.

దావీదు చిలక ముక్కు చూపించాడు. ఒక వాన చూడనీ అన్నాడు. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

"పిల్ల బడి నుంచి వచ్చి గుడ్డలు మార్చుకుంటాంటే కరెంటు మీటరాయన పట్ట ఎత్తి లోపలికొచ్చినాడు. ఆయప్పదేం తప్పుల్యా, అందరూ అట్లనే వస్తారు మనింటికి. పిల్ల మూడు దినాలుగా బడికి పోల్యా." గొంతు పెంచలేదు. "నాకు చిలకలొద్దయ్యా. మూసుకునేది గావాల."

 పది దినాల్లో తెస్తానన్నాడు దావీదు.  సారమ్మ కొంగు సర్దుకుని బస్టాండుకు నడిచింది.

ఆ పూటే ఆ తలుపును ఆటోలో వేసుకుని భార్య వెంట పోయుంటే ఈ కథే ఉండేది కాదు. పోలేదు. పట్టుదలొచ్చింది మనిషికి! నిద్ర మానుకుని ముక్కు మీద పడ్డాడు. మూడో ముక్క కుదరలేదు, నాలుగోది అతికింది గానీ గీత తెలుస్తోంది. ఇంత మంచి తలుపు తిరగడానికి ఇనుప బందులేందని ఇత్తడి బందుల కోసం పాతసామాన్ల అంగళ్ళన్నీ తిరిగాడు. నడుస్తూ నడుస్తూ ఆగి, పిల్ల బడికి పోతాందో లేదో అనుకునేవాడు. మళ్ళీ ఇంకాస్త గబగబా నడిచేవాడు. పది దినాలు కాస్తా ముప్పై నాలుగయ్యాయి. మధ్యలో పెద్ద వాన పడింది. తెల్లారి తలుపును వేలితో నిమిరి చూస్తే ఎక్కడా ఉబ్బలేదు, ఎక్కడా సందు లేదు. చిలక ముక్కు ఎక్కడ విరిగిందో ఆయనకే కనబడలేదు. జీవితంలో మొదటిసారి ఒక పని అయిపోయిందని దావీదు ఒప్పుకున్నాడు.

చిరంజీవి అనే కుర్రోడి ట్రాలీ ఆటో మాట్లాడుకుని, తలుపుకు రెండు బొంతలు చుట్టి, నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా దాన్ని వాటేసుకుని నిలబడే వచ్చాడు. గుంత వచ్చినప్పుడల్లా చిరంజీవిని తిట్టాడు. కాలనీలోకి తిరిగేటప్పుడు మాత్రం, చాలా ఏళ్ళ తరువాత, తల ఎత్తుకుని అటూ ఇటూ చూశాడు.

ఇంటి ముందు ఆటో ఆగింది. వాకిలికి గోనెపట్ట లేదు. తలుపుంది. లేత నీలం ప్లాస్టిక్ తలుపు, మూసి ఉంది.

నాగేశ్వరమ్మ తన అరుగు మీద నుంచే చెప్పింది, సారమ్మ తాను పెంచిన రెండు పొట్టేళ్ళనమ్మి నెల కిందటే తెచ్చిందని, అంగడోళ్ళు వచ్చి అరగంటలో బిగించిపోయారని. నంద్యాల నుంచి వచ్చిన మరునాడే తెచ్చిందంట.

దావీదు దగ్గరికి పోయి చూశాడు. ఆరు స్క్రూ మరల్లో రెండు వంకరగా దిగున్నాయి. కింద వేలెడు సందు. అట్టముక్కంత బరువు లేదు, వేలుతో నెడితే లోపలికి వంగుతోంది. ఒళ్ళు మండిపోయింది. పన్నెండేళ్ళు! దీని కోసమా? చెయ్యి దానంతటదే సంచీలో మరలు తిప్పే మరచుట్టు కోసం పోయింది. ఆరు మరలు ఊడదియ్యడం ఎంతసేపు, ఇంతకంటే మందపుదాన్నే ఒక గంటలో పొయ్యిలో పెట్టినోడు.

మరచుట్టు చేతికి తగిలింది గానీ బయటికి రాలేదు. తలుపును నెట్టాడు. లోపల గడియ పెట్టి ఉంది. సొంతింట్లోకి తాను పోలేకపోవడం ఆయనకు కొత్త. చివరికి వేళ్ళు మడిచి రెండుసార్లు కొట్టాడు.

"ఎవరు?"

సారమ్మ గొంతే. కానీ దావీదు ఎన్నడూ విన్న గొంతు కాదు. గట్టిగా ఉంది, నిదానంగా ఉంది. బయట ఎవరున్నా ఉండనీ, తాను తీస్తేనే లోపలికి వచ్చేది అన్న ధీమా ఉంది అందులో. 

"నేను," అన్నాడు.

"నేనంటే?"

ఆటోలో చిరంజీవి పక్కున నవ్వాడు. దావీదుకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు.

"దావీదును."

 సారమ్మ లోపల్నుంచే చెప్పింది, "ఉండు. పిల్ల గుడ్డలు మార్చుకుంటాంది."

దిగుమతి యాడ చెయ్యాలన్నా, బేగా చెప్పు, నాకింకో బాడుగుంది అని చిరంజీవి వెనకనుంచి కేకేశాడు. దావీదు వెనక్కి తిరగకుండానే ఆగమని చెయ్యి చూపించి, అరుగు మీద కూర్చున్నాడు.