అన్న ఛాతీ మీద వాతలు

అర్జీలు రాయడంలో నాకు మంచి పేరుండేది. పావగడ బళ్ళో మేష్ట్రుగిరీ చేస్తూ ఎందరికో రాసిపెట్టాను. సొంత అన్నకు రాసిందే ఎందుకూ కొరగాలేదు. ఆ కడుపుమంట ఇప్పటికీ చల్లారలేదు.

మాది నిడుగల్లు దగ్గర గొర్రెలు మేపుకునే ఇల్లు. చెదిరిన మంద వెంట కొండకోట దాకా పరుగెత్తిన మనిషి మా అన్న. రెండో యుద్ధంలో పటాలంలో చేరి, బర్మా వానల్లో నెలల తరబడి నాని, ఊపిరితిత్తులు పాడుచేసుకుని వచ్చాడు. వాకిట్లో నాలుగడుగులు వేస్తే వగర్పు. పటాలంలో వచ్చిన జబ్బేనని తేలితే పింఛను ఇస్తారు. తేలకపోతే, ఇద్దరు పిల్లలతో ఆయన ఏం చేసి బతకాలి?

డాక్టర్ల పరీక్షకు పిలుపు ఎంతకీ రాలేదు. అమ్మ ఊరుకోలేకపోయింది. గొర్రెకు వగర్పు వస్తే ఏం చేస్తామో అదే చేసింది. కొడవలి మొన ఎర్రగా కాల్చి అన్న ఛాతీ మీద మూడు వాతలు పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. నాలుగక్షరాలు వచ్చినవాణ్ణయి ఉండీ వద్దనలేదు. మా ఇళ్ళలో అదే వైద్యం.

పిలుపు వచ్చేసరికి వాతలు మాని మచ్చలయ్యాయి. డాక్టర్లు చొక్కా విప్పించి చూసి, ఇవి చిన్ననాటి వాతలు, కాబట్టి జబ్బు పటాలానికి ముందునుంచీ ఉన్నదేనని రాసేశారు. పింఛను ఎందుకు కాదన్నారో అమ్మకు మేం చెప్పలేదు.

నాకు ఒళ్ళు మండి అప్పీలు రాశాను. పటాలంలో చేర్చుకున్న రోజు ఒంటిమీది గుర్తులన్నీ రాసుకున్నారు కదా, మెడ మీద పుట్టుమచ్చే తప్ప అందులో వాతల ఊసు ఉందేమో తీసి చూడండి మహాప్రభో అన్నాను. తాలూకా అమల్దారు కచేరి చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో! పైకి పంపామంటాడు ఒక గుమాస్తా, పైనుంచి రాలేదంటాడు ఇంకొకడు. చివరికి ఒకే ఒక్క ముక్క వచ్చింది: ఈ విషయం ఇదివరకే తీర్మానమైంది. ఆ పాత కాగితం ఎవడూ తీసి చూడలేదు. తీయడానికి చేతులు పడిపోయాయా?

జవాబు నా చేతిలో చూసి అమ్మ చాట పక్కన పెట్టి వచ్చింది.

"ఏమి రాసినారప్పా?"

నేను నోరు తెరిచేలోపే అన్న అందుకున్నాడు. "గడువు దాటిపోయిందంటమ్మా. మనమే ఆలిస్యంగా పోయినామంట."

"పోతే పోనీలే నాయనా. నీకు ఊపిరాడితే నాకంతే చాలు. ఈ తూరి ఇంగో రెండు వాతలు పెడతా" అంటూ అమ్మ కొడవలి తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

మాట్లాడొద్దన్నట్టు అన్న నా వంక చూశాడు. తర్వాత చొక్కా గుండీలు విప్పుకున్నాడు.