నాన్న అడిగిన మాటకు జవాబు: తెనాలి నుంచి రేపల్లె, బాపట్ల

తెనాలిలో పొద్దున్నే బయలుదేరి రేపల్లె, బాపట్ల రెండూ చూసుకుని చీకటి పడేలోపు ఇంటికి రావచ్చా అని మా చర్చివాళ్ళు ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. రావచ్చు. డెబ్బైల మొదట్లో ఒక అక్టోబరు వానలో నేను ఆ రెండూళ్ళూ తిరిగాను, చీకటి పడేలోపు ఇంటికి మాత్రం రాలేకపోయాను. ఆ రోజు ఎలా గడిచిందో వరసగా రాస్తాను. రైలు టైములు, ఛార్జీలు నాకు గుర్తున్నంతవరకు చెబుతాను. ఛార్జీలు ఇప్పుడు ఎందుకూ పనికిరావు గానీ దారి మాత్రం అదే.

అప్పటికి నాకు ముప్ఫై ఏళ్ళు, తెనాలిలో గోనెసంచుల కొట్టు. రైసు మిల్లులు వాడి పడేసిన సంచులు కొని, చిరుగులన్నీ దబ్బనంతో, పురికొసతో కుట్టించి మళ్ళీ మిల్లులకే అమ్మేవాణ్ణి. ఒక మంగళవారం మా అక్క మార్తమ్మ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. నాన్నకు నాలుగు రోజులుగా మంచినీళ్ళు తప్ప ఏమీ దిగడం లేదని, నన్ను కలవరిస్తున్నాడని, జవాబు తీసుకుని రమ్మన్నాడని రాసింది. ఏం జవాబో రాయలేదు. నాకు రాయక్కర్లేదు.

అక్క తర్వాత మా అమ్మకు ముగ్గురు మగపిల్లలు పుట్టి పోయారు. నాలుగోవాణ్ణి నేను. ఈసారి పుట్టినవాడు బతికితే నీ సేవకే ఇచ్చేస్తానని నాన్న దేవుడికి మొక్కుకున్నాడు. నెల నిండగానే నన్ను చర్చికి ఎత్తుకెళ్ళి, పాస్టరు అయ్యగారి చేత నా తల మీద చెయ్యి పెట్టించి, ఆ మొక్కు అందరి ముందూ చెప్పించి, బైబిల్లో అలా మొక్కుకుని దేవుడికి ఇచ్చేసిన బిడ్డ పేరే, సమూయేలు అని పెట్టాడు. మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఇలా మొక్కుకోవడం కొత్తేమీ కాదు. మొక్కుకున్న బిడ్డను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఇరవయ్యో ఏట నన్ను బోధకుల ట్రైనింగుకు పంపారు. ఐదు నెలలుండి వచ్చేశాను. దేవుడంటే ఇష్టం లేక కాదు. పది మంది ముందు నిలబడి వాక్యం చెప్పాలంటే నోరు ఎండిపోయేది, నాది కాని చొక్కా తొడుక్కున్నట్టుండేది. నాన్న తిట్టలేదు, కొట్టలేదు. మిషన్ స్కూల్లో మేస్టారు, గట్టిగా మాట్లాడే మనిషే కాదు. ఒక్క పని చేశాడు. ఆ తర్వాత పదేళ్ళలో నా కొట్టు గడప తొక్కలేదు. మీటింగులకు తెనాలి వచ్చేవాడు. స్టేషన్ నుంచి చర్చికి వెళ్ళే దారిలోనే నా కొట్టు. అక్కడికి వచ్చేసరికి రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళి, గొడుగు కాస్త ఇటు వంచుకుని నడిచిపోయేవాడు. లోపల్నుంచి నేను రెండుసార్లు చూశాను.

బుధవారం పొద్దున ఆరు గంటల రేపల్లె పాసింజరు ఎక్కాను. థర్డ్ క్లాసు టికెట్టు రూపాయి పావలా లోపే. తెనాలిలో బండి ఖాళీగా ఉంటుంది, వేమూరు వచ్చేసరికి కూరగాయల గంపలతో నిండిపోతుంది, కాబట్టి ముందే కిటికీ పక్కన చూసుకోవాలి. బొగ్గు ఇంజను, కళ్ళల్లో నలుసులు పడేవి. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. తండ్రి మంచాన పడి ఉంటే చూడ్డానికి వెళ్తూ, పనిలో పని రేపల్లె మిల్లులో చూపిద్దామని పది సంచుల కట్ట ఒకటి చంకన పెట్టుకెళ్ళాను. బెంచీ తడిస్తే పరుచుకోవడానికి విడిగా ఇంకో రెండు. వ్యాపారం చేసేవాడి బుర్ర అలాగే ఉంటుంది. భట్టిప్రోలు దాటాక కట్టను చూసి నాకే సిగ్గేసి, కాళ్ళ కిందికి తోశాను.

ఏడున్నరకు రేపల్లెలో దిగాను. స్టేషన్ బయట రెండు ఇడ్లీ తిని, చెరుకుపల్లి రోడ్డులో మూడు మైళ్ళ అవతల ఉన్న మా ఊరికి రిక్షాలో వెళ్ళాను. వాన మూడు రోజులుగా పడుతూ ఆగుతూ ఉంది. రోడ్డుకు రెండు వైపులా వరి నీళ్ళల్లో మునిగి కంకులు మాత్రం పైకి కనపడుతున్నాయి. రిక్షా అతను మా నాన్న దగ్గర రెండో తరగతి చదివాట్ట. మేస్టారి కొడుకువా, మరి ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు అని అడిగాడు. తెనాలే అన్నాను. తెనాలి అంత దూరమా అన్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ తొక్కాడు.

సంచుల కట్ట వసారాలో పడేసి లోపలికి వెళ్ళాను. నాన్న నులకమంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నేనేదో చర్చి కబురు మొదలుపెడితే చెయ్యెత్తి ఆపాడు. నేను అన్నీ ఊహించుకుని వెళ్ళాను. మళ్ళీ ట్రైనింగుకు వెళ్ళమంటాడని, ఏడుస్తాడని. అవేమీ కాదు.

"ఒరేయ్, దేవుడికేం కావాలో నాకు తెలుసనుకున్నాను. నీకేం కావాలో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. చెప్పు, నీకేం కావాలి?"

నేను నోరు తెరిచాను. ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసిన మాట అది. నువ్వు లేచి తిరిగితే చాలు నాన్నా అన్నాను.

"అది మర్యాదకు చెప్పే మాట. వర్తకుడివి కదరా, ఉన్న సరుకు చూపించు."

అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తెనాలి స్టేషన్ దగ్గర ఒక గోడౌను కావాలని మనసులో ఉండేది, అది చెబుదామా అనుకుని సిగ్గేసి ఊరుకున్నాను. నాన్నే తన భయం బయటపెట్టాడు. మొక్కు తీరకుండా పోతే అవతల ఏ మొహం పెట్టుకుని నిలబడతానని ఆయన బాధ. తన మాటకు సాక్షిగా నా తల మీద చెయ్యి పెట్టిన అయ్యగారు రిటైరయి బాపట్లలో ఉన్నారు. ఆయన కట్టిన ముడి ఆయనే విప్పాలి, నువ్వెళ్ళి విప్పించుకుని రా, అప్పుడు నాకు నిద్ర పడుతుంది అన్నాడు.

అక్క నన్ను వసారాలోకి లాక్కొచ్చింది. "వెళ్ళకురా తమ్ముడూ. ముడీ లేదు, గిడీ లేదు. సాయంత్రం దాకా ఉంటాడో లేదో. పక్కన కూర్చో, అంతే."

నేను వెళ్ళాను. నాన్న మాట కాదనలేక వెళ్ళానని చాలా ఏళ్ళు అందరికీ చెప్పాను. నిజం ఏంటంటే, ఆ ప్రశ్న ముందు కూర్చోవడం కన్నా బస్సులో కూర్చోవడం తేలికనిపించింది. ఒక బేరం రద్దు కావాలంటే రెండో పార్టీని ఒప్పించుకోవాలన్నది మా వ్యాపారంలో అలవాటు. నాన్నకూ నాకూ కూడా దేవుడితో వ్యవహారం అలాగే ఉంటుందనిపించింది.

మా ఊరి మీదుగా పోయే పదింటి బస్సు పది ఇరవైకి వచ్చింది. బాపట్లకు రూపాయి అరవై పైసలు. టాపు కారుతోంది. విడిగా తెచ్చిన రెండు సంచులూ సీటు మీద పరుచుకున్నాను. కండక్టరు వచ్చి, "ఏంటన్నయ్యా, నువ్వు పొడిగా, బస్సంతా తడిగా? సంచులకు కూడా టికెట్టు కొట్టనా?" అన్నాడు. ఒక సంచి ఇచ్చేశాను, తల మీద కప్పుకుని ఆ పూటంతా అలాగే టికెట్లు కొట్టాడు. చెరుకుపల్లిలో టీకి పావుగంట ఆపారు. అక్కడి నుంచి కర్లపాలెం దాకా రోడ్డు మీద నీళ్ళు, బస్సు నడిచినంత మెల్లగా వెళ్ళింది. పన్నెండున్నర దాటాక బాపట్ల చేరాం.

అయ్యగారి ఇల్లు స్టేషన్ అవతల పెంకుటిల్లు. వానకు ఆగినవాళ్ళు, ప్రార్థన చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు కలిపి వసారాలో ఎనిమిది మంది దాకా ఉన్నారు. ఆయనకు ఎనభై దాటాయి. చెవులు దాదాపు పోయాయి. వందనాలండి అని చెప్పి నెమ్మదిగా సంగతి మొదలుపెడితే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, గట్టిగా చెప్పవయ్యా అన్నారు. గడప దాటించకూడదనుకున్న ఇంటి గుట్టు నేను ఎనిమిది మంది ముందు అరిచి చెప్పాల్సి వచ్చింది. మొక్కు సంగతి అరిచాను. ట్రైనింగు వదిలేసి పారిపోయానని అరిచాను. బోధకుడిగా ఉండటం నాకు కావాలనిపించలేదని అరిచాను. ఒక ముసలమ్మ అయ్యో అంది.

ఆయన అంతా విని, బైబిల్లో దారి పక్కన కూర్చున్న గుడ్డివాడి సంగతి గుర్తు చేశారు. వాడు గుడ్డివాడని ఊరంతటికీ తెలుసు, ప్రభువుకు తెలియదా? అయినా నీకేం కావాలని వాణ్ణే అడిగాడు. వాడి నోటితో వాడు చెప్పేదాకా ఆగాడు. అది చెప్పి, నా వైపు వంగారు. "మీ నాన్నకేం కావాలో చెప్పావు. నీకేం వద్దో చెప్పావు. నీకేం కావాలో ఇంకా చెప్పలేదు."

గోడౌను మాట అరుద్దామనే నోరు తెరిచాను. "మా నాన్న ఒక్కసారి నా కొట్టుకొచ్చి కూర్చోవాలండి" అని వచ్చింది. అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది.  

 అయ్యగారు లేచి, నా తల మీద చెయ్యి పెట్టారు. "ఈ మాట ఇంత దూరం మోసుకొచ్చి నాకెందుకు చెప్పావు నాయనా? పరుగెత్తు. ముడి విప్పానని చెప్పొద్దు. ముడికి అవతల నిన్ను పట్టుకున్నవాడెవడూ లేడని మీ నాన్నకు చెప్పు. ప్రభువు ఎవరి బిడ్డనూ జబ్బ పట్టుకుని పనిలో పెట్టుకోడు."

రెండున్నర బస్సు దొరికింది. తెనాలి పోవాలనుకుంటే బాపట్లలో రైలెక్కి గంటన్నరలో ఇంటికి పోవచ్చు, కానీ నేను వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాను. దారంతా ఆ ఒక్క మాటే పెదవుల మీద పెట్టుకుని కూర్చున్నాను. నాన్నా, ఒకసారి కొట్టుకు రా. రాలేకపోయినా పర్వాలేదు, వస్తానని చెప్పు. నలుగురు పట్టుకుంటే రిక్షాలో తీసుకెళ్ళవచ్చు, స్టేషన్‌లో కుర్చీ అడుగుతాను, ఇలా లెక్కలేసుకుంటూ కూర్చున్నాను. ఐదు దాటాక బస్సు దిగేసరికి మా వాకిట్లో చెప్పులు చాలా ఉన్నాయి.

మూడు దాటాక పోయాడు.  అక్కను నేనే అడిగాను, నా గురించి ఏమన్నా అన్నాడా అని. అక్క ఆలోచించి చెప్పింది. నేను వెళ్ళాక వాన పెద్దదైందట. వసారాలో ఆ కట్టేంటని నాన్న అడిగాడట. వాడి సంచులు అని అక్క చెప్పిందట. "జల్లు పడుతుంది, వాడి సరుకు తడిసిపోతుంది, లోపల పెట్టు" అన్నాడట. అంతే. ఇంకేమీ అనలేదట. కట్ట ఆయన మంచం కిందే ఉంది.

మర్నాడు పొద్దున సమాధుల దొడ్డిలో గొయ్యి తవ్వితే మూడడుగులకే నీళ్ళు ఊరాయి. తోడుతుంటే మళ్ళీ ఊరుతున్నాయి. డెల్టాలో వానాకాలం చావులు ఇలాగే ఉంటాయి. వట్టి నీళ్ళల్లో పెట్టె దించితే తేలుతుందండి, కింద నీళ్ళు పీల్చేది ఏదన్నా మందంగా పరచాలి అన్నాడు గొయ్యి తవ్వే అతను. గడ్డి వేద్దామంటే ఊళ్ళో వాములన్నీ తడిసి నీళ్ళు కారుతున్నాయి. అక్క నా వైపు చూసింది. నేను ఇంటికి పరుగెత్తి మంచం కింద నుంచి కట్ట తెచ్చాను. ఆ ఊళ్ళో పొడిగా ఉన్నవి ఆ పది సంచులే. గోతిలోకి దిగి, నీళ్ళు తోడినవెంటనే ఒకదాని మీద ఒకటి నేనే పరిచాను, కుట్లు కిందికి వచ్చేలా. వాటి మీద పెట్టె దించారు, తేలలేదు.

అలా మా నాన్న నా సరుకు మీదికి వచ్చాడు. నేను బోధకుణ్ణి కాలేదు, చివరిదాకా సంచులే అమ్ముకున్నాను. స్టేషన్ దగ్గర గోడౌను కూడా వచ్చింది. అది వచ్చిన రోజున నాకేమీ అనిపించలేదు. మనకేం కావాలో మనకు తెలుసనుకుంటాం, మోకాళ్ళ మీద పడి రోజూ అడుగుతాం కూడా. ఎవరైనా నిజంగా అడిగి, జవాబు కోసం ఆగితే తప్ప లోపలున్నది బయటికి రాదు. ఇంకొకటి తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నాన్న నా కొట్టు ముందు రోడ్డు దాటి అవతలికి వెళ్ళేవాడు కాబట్టి, దేవుడు కూడా అలాగే వెళ్తున్నాడనుకుని బతికాను. దేవుడు మాత్రం నా కొట్టు దుమ్ములో, నా సంచుల మధ్యే కూర్చుని, నీకేం కావాలని అడుగుతూనే ఉన్నాడేమో. నేను ఎప్పుడూ ఏదో ఒక బస్సులో ఉన్నాను.

ఈ మూడూళ్ళూ ఒక్క రోజులో తిరగాలనుకునేవాళ్ళకు ఒకటే మాట. నేను వెళ్ళిన వరసలో వెళ్ళకండి. పొద్దున తెనాలిలో రైలెక్కి ముందు బాపట్ల పని చూసుకోండి, అక్కడి నుంచి బస్సులో రేపల్లె రండి. సాయంత్రం రేపల్లెలో బండెక్కితే తెనాలికి నేరుగా వచ్చేస్తారు. మీరు ఎవరి పక్కన కూర్చోవాలో వాళ్ళను చివరికి పెట్టుకోండి, మధ్యలో లేచి వెళ్ళాల్సిన పని ఉండదు.